అసాధ్యాన్ని రాసే ముందు

మాయలూ మంత్రాలూ ఉన్న కథలు రాయాలని ఉందంటూ ఈ మధ్య చాలామంది పిల్లలు నా దగ్గరికి వస్తున్నారు. వాళ్ళు దాన్ని ఫాంటసీ అంటారు. మా రోజుల్లో జానపద నవల అనేవాళ్ళం. పేరు ఏదైనా పని ఒకటే, లేనిదాన్ని ఉన్నట్టు నమ్మించడం. "ఇందులో ఏదైనా రాసుకోవచ్చు కదండీ, అడ్డేముంది?" అని ఉత్సాహంగా అడుగుతారు. నేనూ అలాగే అనుకుని మొదలుపెట్టాను. ఏళ్ళ తరబడి వారపత్రికలకు సీరియల్స్ రాశాక గానీ తెలియలేదు, హద్దు అన్నిటికంటే ఎక్కువ అవసరమయ్యేది ఈ రచనకేనని. నాకు ఆలస్యంగా తెలిసినవి నీకు కాస్త ముందుగా తెలియాలని ఇవి రాస్తున్నాను.

1. హద్దు లేని మాయ కథను మింగేస్తుంది.

నా మొదటి సీరియల్‌లో కథానాయకుడికి ఒక ఉంగరం ఇచ్చాను. వేలి మీద తిప్పితే కోరింది జరుగుతుంది. మొదటి వారాల్లో పాఠకులు సంబరపడ్డారు. ఆ తర్వాత అతను నదిలో పడ్డా ఎవరికీ భయం లేదు, పులి నోటికి చిక్కినా భయం లేదు. ఉంగరం ఉంది కదా! భయం పుట్టించడానికి ప్రతి వారం కిందటి వారం మాంత్రికుణ్ణి మించిన మాంత్రికుణ్ణి తేవలసి వచ్చింది. చివరికి మాంత్రికులే మిగిలారు, కథ మిగల్లేదు.

ఆ రోజుల్లోనే భేతాళ కథలు మళ్ళీ తీసి చదివాను. చిన్నప్పుడు చందమామలో చదివినవే. ఈసారి రాసేవాడి కళ్ళతో చూశాను. అక్కడున్నవి రెండే నియమాలు. శవాన్ని మోసుకెళ్ళే విక్రమార్కుడు నోరు విప్పితే ఆ శవం తిరిగి చెట్టెక్కుతుంది. భేతాళుడి ప్రశ్నకు జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుంది. విడివిడిగా చూస్తే రెండూ మామూలు నియమాలే. కలిశాయంటే ఆ రాజుకు తప్పించుకునే దారి లేదు. తెలివి ఉన్నందుకే ప్రతిసారీ మొదటికి వస్తాడు. సంస్కృతంలో పాతిక కథలున్న ఆ చట్రంలో చందమామ దశాబ్దాల పాటు కొత్త కథలు నింపుతూ పోగలిగిందంటే, ఆ రెండు నియమాల బిగువే కారణమని నా నమ్మకం.

1951లో వచ్చిన 'పాతాళభైరవి' సినిమాలో బొమ్మ అడిగిందల్లా ఇస్తుంది. మరి అక్కడ కథ ఎందుకు చావలేదు? ఆ శక్తి కథానాయకుడు తోటరాముడిలో లేదు, బొమ్మలో ఉంది. బొమ్మ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకే పలుకుతుంది. అది నేపాళ మాంత్రికుడి చేతికి పోయిన క్షణాన మేడా పోయింది, రాకుమారీ పోయింది. చేతులు మారగలగడమే ఆ శక్తికున్న హద్దు. నీ మాయ ఏమేం చేయగలదో ఆలోచించడం సులువే, దానికి రాత్రి నిద్ర మానుకోనక్కర్లేదు. అది ఏం చేయలేదో ముందు కాగితం మీద పెట్టు.

2. వెల చెల్లించని విద్యను ఎవరూ నమ్మరు.

గుణాఢ్యుడి కథ నీకు తెలుసో లేదో. పదకొండో శతాబ్దపు కాశ్మీర కవి సోమదేవుడు కథాసరిత్సాగరంలో చెప్పాడు గానీ, అది మన శాతవాహనుల కొలువులో జరిగిన కథ. రాజుకు సంస్కృత వ్యాకరణం నేర్పడానికి ఆరేళ్ళు పడుతుందన్నాడు గుణాఢ్యుడు. ఆరు నెలలు చాలన్నాడు మరో పండితుడు శర్వవర్మ. అదే జరిగితే సంస్కృతాన్నీ, ప్రాకృతాన్నీ, దేశభాషనూ కూడా వదిలేస్తానని గుణాఢ్యుడు పంతం పట్టి ఓడిపోయాడు. భాష లేని కవి వింధ్యాటవికి పోయి పిశాచాల భాష నేర్చాడు. సిరా దొరక్క తన నెత్తుటితో ఏడు లక్షల శ్లోకాల బృహత్కథ రాశాడు. రాజు దాన్ని చీదరించుకున్నాడు. అప్పుడు కొండ మీద మంట పెట్టి, ఒక్కొక్క ఆకూ జంతువులకు చదివి వినిపిస్తూ అగ్నికి వేయసాగాడు. జంతువులు మేత మాని కన్నీళ్ళతో విన్నాయి. రాజుగారి వంటశాలకు వచ్చే మాంసం ఎండిపోయింది, తిన్న రాజుకు జబ్బు చేసింది. కారణం వెతుక్కుంటూ రాజు అడవికి వచ్చేసరికి మిగిలింది ఒక లక్ష.

మన దేశపు అద్భుత కథలన్నిటికీ పుట్టిల్లు అనదగ్గ గ్రంథం, తన పుట్టుక గురించి చెప్పుకున్న కథ ఇది. ఇందులో ప్రతిదానికీ ఖరీదుంది. పంతానికి భాష, రాయడానికి నెత్తురు, నిర్లక్ష్యానికి ఆరు లక్షల శ్లోకాలు. జంతువుల కన్నీరు ఎంతటి అద్భుతమో, దాని ఫలితం వంటశాలలో తేలడం అంత మామూలు విషయం. అద్భుతం అలా పొయ్యి దాకా వచ్చినప్పుడు మనం కాదనలేం. నేను రాసిన మునులు చేయి ఎత్తితే వాన కురిసేది. వాళ్ళకు ఆ రాత్రి జ్వరం వచ్చిందని ఒక్క వాక్యం రాసి ఉంటే ఆ వాన తడిపేది.

3. నీళ్ళెక్కడివో తెలియకుండా కోట కట్టకు.

ఒక నవలలో మేఘాలను తాకే శిఖరం మీద కోట కట్టి, అందులో లక్షమంది సైన్యాన్ని పెట్టాను. వ్యవసాయం చేసుకునే మా మేనమామ అది చదివి, "ఒరే, అంత కొండ మీద లక్షమందికి నీళ్ళెక్కణ్ణుంచి తెచ్చావురా?" అని అడిగాడు. కథలో అవన్నీ ఎవరు చూస్తారు మావయ్యా అని తేలిగ్గా తీసేశాను. ఆయన మళ్ళీ ఆ నవల తెరవలేదు. ఆయన చూశాడు, ఆయన లాంటివాళ్ళు చూస్తారు అని ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

గోల్కొండకు వెళ్ళు. రాజుల కథలు పక్కనపెట్టి నీళ్ళ దారి చూడు. కింది నుంచి కొండ పైకి అంచెలంచెలుగా చక్రాలతో నీళ్ళు తోడి, మట్టి గొట్టాల గుండా పంపిన ఏర్పాటు కనిపిస్తుంది. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది. అది మంత్రం కాదు, కట్టినవాళ్ళ ప్రజ్ఞ. అలాంటిది ఒక్కటి కల్పనలో పెట్టగలిగితే పాఠకుడు నీ వెంట ఎక్కడికైనా వస్తాడు. కాకతీయుల కాలపు పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు ఇవాళ్టికీ పొలాలకు నీళ్ళిస్తున్నాయి. ఓరుగల్లు బలం కత్తుల్లో ఎంతుందో ఆ చెరువు గట్లలో అంతుంది. నీ రాజ్యంలో చెరువు ఎవరు తవ్వారు? తూము ఎవరి చేతిలో ఉంది? వానలు ఆగితే ముందు ఎవరు ఊరు వదిలిపోతారు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే యుద్ధానికి కారణం వేరే వెతుక్కోనక్కర్లేదు.

పాతాళం గురించి కూడా చెప్పాలి. నేను రాసిన పాతాళంలో మణుల కాంతి, చల్లని గాలి, పాలరాతి మెట్లు ఉండేవి. కొలిమిగుండ్ల దగ్గర బేలుం గుహలు చూసింది ఆ తర్వాతే. మూడు వేల రెండు వందల మీటర్లకు పైగా భూమి లోపల సాగే గుహలు అవి. అడుగున ఒక నీటి పాయ ఉంది, దాన్ని పాతాళగంగ అంటారు. ఇప్పుడు దీపాలున్నాయి, గాలి కోసం గొట్టాలు అమర్చారు. అయినా లోపలికి పోయేకొద్దీ ఉక్క పెరిగి ఒళ్ళంతా చెమట పట్టింది. గైడును బతిమాలి ఒక మూల కాసేపు దీపం ఆర్పించాను. బయట ఎంత చీకటి రాత్రైనా చేతి అంచు లీలగా తెలుస్తుంది. అక్కడ కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. కాసేపటికి నా ఊపిరి చప్పుడు ఇంకెవరిదో అనిపించి గుండె ఝల్లుమంది. అంతవరకూ నేను పాతాళం రాయలేదు, సినిమా సెట్టు రాశాను. అచ్చయిపోయిన పుస్తకాన్ని వెనక్కి తెచ్చుకోలేను కాబట్టి నీకు చెబుతున్నాను. ముందు గుహ చూడు, తర్వాత పాతాళం రాయి.

4. తెలియని లోకాన్ని తెలిసిన మాటలతోనే కట్టాలి.

జానపదం అనగానే పాత్రల చేత గ్రాంథికం పలికించడం మా తరానికి అలవాటు. సమాసం పొడవైతే లోకం పాతదవుతుందని భ్రమ. చందమామను చూడు. కొడవటిగంటి కుటుంబరావు గారి సంపాదకత్వంలో అక్కడ రాక్షసుడైనా పదేళ్ళ పిల్లకు అర్థమయ్యే తెలుగే మాట్లాడాడు. 1952లో ఆ పత్రికలో చేరిన దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్ పేర్లు వరసగా చెప్పుకో: తోకచుక్క, కంచుకోట, రాకాసిలోయ, రాతిరథం. ప్రతి పేరులోనూ రెండు ముక్కలు. రెండూ ప్రతి ఇంట్లో తెలిసినవే. కలిపేసరికి ఎవరూ చూడని చోటికి తలుపు తెరుచుకుంటుంది.

ఇప్పటి పిల్లలు టోల్కీన్‌ను చదివి వస్తున్నారు. మంచిదే. కానీ వాళ్ళ కథల్లో మంచు కురిసే అడవులు, పొడవు చెవుల దేవతాజాతులు, ఆ పేర్లూ అలాగే దిగుతున్నాయి. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లీషు బోధించిన ఆచార్యుడు. ఉత్తర ఐరోపా గాథలనూ, ఫిన్లాండ్ వారి కలేవాలానూ జీర్ణం చేసుకున్నవాడు. భాషలు ముందు కల్పించుకుని, వాటిని పలికే జాతుల కోసం లోకాన్ని కల్పించాడు. ఆయన నుంచి నేర్చుకోవలసింది ఆ క్రమం. నీ అడవిలో మద్ది, ఏగిస, చండ్ర చెట్లు ఉండనీ. వాటి కింద ఏ జాతి తిరిగినా నాకు అభ్యంతరం లేదు.

5. పాఠకుడి తరఫున అడిగేవాడు ఒకడు కథలో ఉండాలి.

మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడు సర్వజ్ఞుడు. కానీ కథ మొదలయ్యేది అతని వల్ల కాదు. వెంట నడిచే గోపాలకుడు ప్రతి మజిలీలో ఊరు చూసి వచ్చి, ఏదో వింత కనిపించిందని, దాని సంగతేమిటని అడుగుతాడు. అడిగేవాడు లేకపోతే ఆ పన్నెండు భాగాలు లేవు. తోటరాముడు తోటమాలి కొడుకు కాబట్టే రాజభవనం మనకు కొత్తగా కనిపించింది. రాకుమారుల కళ్ళతోనే రాసి రాసి నేను భవనాల్లోని ఆశ్చర్యాన్నంతా పోగొట్టాను. చీపురు పట్టుకున్న మనిషిని ఒకసారి అలాంటి భవనంలోకి పంపి చూడు.

6. వేసిన ముడి నీకు గుర్తుండాలి, పాఠకుడికి ఎలాగూ గుర్తుంటుంది.

పదహారో శతాబ్దంలో పింగళి సూరన కళాపూర్ణోదయం రాశాడు. చదవకపోతే కనీసం కథాసంగ్రహమైనా చదువు. ద్వారకలో కలభాషిణి ఉయ్యాల ఊగడంతో మొదలై, నారదుడు, మణికంధరుడు, రంభా నలకూబరులు, సింహమెక్కి తిరిగే సిద్ధుడు, ఒకరి రూపంలో ఒకరు. చదువుతున్నంతసేపూ చిక్కుముడి పెరుగుతూనే ఉంటుంది. తర్వాతెప్పుడో ఒక పసిపాప నోరు విప్పి పూర్వజన్మ కథ చెబుతుంది. ఆ పాపే కలభాషిణి, రాజు కళాపూర్ణుడే మణికంధరుడు అని తేలేసరికి, పాఠకుడు మొదటి ఆశ్వాసానికి తిరిగి వెళ్ళక తప్పదు. వెళ్ళి చూస్తే ఏ పోగూ తెగి ఉండదు. పురాణం నుంచి అరువు తెచ్చుకోకుండా, తానే కల్పించిన కథను అలా నేశాడాయన.

మేం వారం వారం రాసేవాళ్ళం. 'సశేషం' అన్న చోట పాఠకుణ్ణి కొండ అంచున నిలబెట్టాలి. అతన్ని ఎలా దించాలో మాకే తెలిసేది కాదు, వచ్చే వారం చూద్దాంలే అనుకునేవాళ్ళం. అలాంటి ఒక వారంలో, కథానాయకుడికి దారి చూపిన ముసలి బోయవాణ్ణి మాంత్రికుడు గుహలో వేసి బండ మూసినట్టు రాశాను. ఆ తర్వాత కథ వేరే ద్వీపానికి పోయింది. రాకుమారి పెళ్ళితో సీరియల్ ముగిసింది. సంపాదకుడు మెచ్చుకున్నాడు, పాఠకులు మెచ్చుకున్నారు. కొన్ని వారాల తర్వాత పత్రిక ఆఫీసు నుంచి ఉత్తరాల కట్ట వచ్చింది. అందులో ఒక పోస్టుకార్డు మీద పిల్లవాడి చేతిరాత. "ఆ బోయ తాత ఇంకా గుహలోనే ఉన్నాడా అండీ?" అని ఒక్కటే ప్రశ్న, కింద పేరు, ఊరు.

నేను నిజంగా మరిచిపోయాను. పెళ్ళి పందిట్లో దీపాలు ఎన్నో, ఏ రంగు చీరలో రాశాను గానీ, ఆ ముసలివాణ్ణి మరిచాను. జవాబు రాయడానికి సిగ్గేసింది. రేపు రాద్దాం, ఏదైనా మంచి కల్పన ఆలోచించి రాద్దాం అనుకుంటూ ఉండగానే ఆ కార్డు ఇల్లు మారడంలో ఎక్కడో పోయింది. నా పుస్తకాల మీద వచ్చిన విమర్శలు చాలావరకు మరిచిపోయాను. ఈ ప్రశ్నను మరిచిపోలేకపోతున్నాను. ఆ పిల్లవాడు నన్ను తప్పుపట్టలేదు. నేను సృష్టించిన మనిషిని నాకంటే ఎక్కువగా నమ్మాడు, అంతే. ఆ తర్వాత ఏ సీరియల్ మొదలుపెట్టినా ముందు చివరి ప్రకరణం రాసుకునేవాణ్ణి. ఒక నోటుబుక్కులో ఎడమ పేజీలో ప్రతి పాత్రా ఎక్కడ ఆగిందో, కుడి పేజీలో అది ఎక్కడికి చేరాలో రాసేవాణ్ణి. ఇప్పుడు మీకు కంప్యూటర్లున్నాయి, పని తేలిక. చేయడం మాత్రం చేయాల్సిందే.

7. దుష్టుడు దేనికి భయపడతాడో అదే అతని కథ.

బాలనాగమ్మ కథలో మాయల మరాఠీ ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉంటుంది. రష్యా జానపద కథల్లో కొషేయ్ అనేవాడి చావు కూడా అలాగే ఒక గుడ్డులోని సూది మొనలో దాగి ఉంటుంది. ఎక్కడెక్కడి జనమో ఒకే ఊహ చేశారంటే అందులో మనిషికి సంబంధించిన సత్యమేదో ఉండాలి. చావంటే అంత భయం కాబట్టే అంత దూరంలో దాచాడు. ఇక బాలనాగమ్మను ఎత్తుకొచ్చిన ఆ మరాఠీయే, ఆమె నోము పేరుతో గడువు అడిగితే ఏళ్ళ తరబడి ఆగుతాడు. మనుషుల్ని రాళ్ళు చేయగలవాడు ఒక స్త్రీ ఒప్పుకోలు కోసం ఎదురుచూస్తాడు. బుర్రకథల్లో ఆ ఘట్టం విన్నప్పుడు చిన్నతనంలో నాకు వాడి మీద కోపంతో పాటు ఇంకేదో కలిగేది. నా మాంత్రికులు మాత్రం వికటంగా నవ్వి ఊరుకున్నారు. ఎందుకు నవ్వుతున్నారో నేను వాళ్ళను అడగలేదు.

8. మంత్రగత్తెకు ఎవరి ముఖం ఇస్తున్నావో చూసుకో.

ఇది అన్నిటికంటే కష్టంగా చెబుతున్న మాట. నా పుస్తకాల్లో బాగా అమ్ముడుపోయినదానిలో ఒక మంత్రగత్తె ఉంది. ఊరి చివర గుడిసె, తెల్లని జుట్టు, భర్త లేడు, పిల్లలు లేరు, తనలో తాను గొణుక్కుంటుంది. ఆమె చూపు పడితే పసిపిల్లలు జ్వరపడతారు. చివరి ప్రకరణంలో ఊరంతా కలిసి ఆమెను తరిమి కొడుతుంది, వెంటనే వానలు పడతాయి. రాస్తున్నప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. ఆమెను ఎక్కడి నుంచి తెచ్చానని ఎవరైనా అడిగితే ఊహించాననే చెప్పేవాణ్ణి.

ఊహించలేదు. అలాంటి ఆడవాళ్ళు మన ఊళ్ళలో నిజంగా ఉన్నారు. బాణామతి చేసిందని, చేతబడి చేసిందని, ఏజెన్సీ గూడేల్లో అయితే చిల్లంగి పెట్టిందని నిందించి మనుషుల్ని చెట్టుకు కట్టి కొట్టిన వార్తలు, చంపిన వార్తలు ఇప్పటికీ పత్రికల్లో చదువుతున్నాం. పళ్ళు ఊడగొడితే మంత్రం పలకదని పళ్ళు ఊడగొట్టిన ఘోరాలూ జరిగాయి. నింద పడేది ఎవరి మీద? చాలాసార్లు దిక్కు లేని ముసలివాళ్ళ మీద, ఒంటరి ఆడవాళ్ళ మీద, కాస్త పొలం ఉండి అడ్డు నిలిచే వారసుడు లేనివాళ్ళ మీద. అలాంటి వార్త ఒకటి చదువుతుంటే, ఆ గుడిసె వర్ణన నాకు బాగా తెలిసినట్టు అనిపించింది. నా పుస్తకంలోదే. నా నవల చదివి ఎవరైనా ఎవరినైనా కొట్టారని నేననను. కానీ ఊరు నమ్మిన అబద్ధాన్నే అందంగా రాసి, చివర వాన కురిపించి, కొట్టడం సబబేనని పిల్లలకు చెప్పాను. కల్పన కదా అని తప్పించుకోలేను. కల్పన మనసులో దిగుతుందన్న నమ్మకంతోనే కదా ఇన్నేళ్ళూ రాశాను.

ఒంటరిగా బతికే ముసలివాళ్ళందరూ తమలో తాము గొణుక్కుంటారు. ఇప్పుడు నేనూ గొణుక్కుంటున్నాను. రాక్షసుడు అనగానే నల్లని ఒళ్ళు, అడవి మనిషి అనగానే నరబలి, మరుగుజ్జు అనగానే కుట్ర. ఇవన్నీ చేతికి సులువుగా అందుతాయి. అందినది ఎవరిదో అడిగి తీసుకో.

ఆ నవల మళ్ళీ అచ్చు వేస్తామని ఒక ప్రచురణకర్త వచ్చాడు. ఆ ప్రకరణాలు తిరగరాస్తేనే ఇస్తానన్నాను. ప్రూఫుల కోసం ఫోన్లు వస్తున్నాయి. ముసలామెను ఊరి నడిమికి తెచ్చాను. రెండు మేకలు, పలకరించే పొరుగింటి కోడలు ఇచ్చాను. పిల్లల జ్వరానికి మాత్రం వేరే కారణం కావాలి. ఊరి చెరువు నీటిలో ఉందేమో అనుకుంటున్నాను. ఈ వారం ఆ చెరువు దగ్గరి నుంచి రాయడం మొదలుపెట్టాను.